పాడ్యమి నుంచి త్రయోదశి దాకా: పూరీ రథాల వెంట

ఆషాఢ శుద్ధ పాడ్యమి

విశాఖపట్నంలో రాత్రి రైలెక్కితే తెల్లారేసరికి ఖుర్దా రోడ్ జంక్షన్. అక్కణ్నుంచి పూరీ 44 కిలోమీటర్లు. ఈ చివరి ముక్క లైను 1897లో పడింది. అంతకుముందు శ్రీకాకుళం, బరంపురం వైపు జనం కోస్తా బాట పట్టుకుని రోజుల తరబడి నడిచి వచ్చేవారు. రైలు వచ్చి ఆ నడకను తప్పించింది గానీ, స్టేషన్ నుంచి గుడి దాకా ఉన్న దూరం ఈ రోజుల్లో మళ్లీ కాలినడకే. మధ్యాహ్నం దాటితే ఆటోలు కూడా దూరంగానే ఆగిపోతాయి. అందుకని పాడ్యమి పొద్దున్నే చేరుకోవాలి. సామాను బసలో పడేసి, చెప్పులు కూడా అక్కడే వదిలేసి, చేతిలో నీళ్ల సీసా, ఓఆర్ఎస్ పొట్లాలు, తలకు తువ్వాలు మాత్రం ఉంచుకుంటే చాలు. ఫోను మీద ఆశ పెట్టుకోవద్దు. విదియ నాడు బడదండ (గుడి ముందు పెద్ద వీధి) మీద సిగ్నల్ గీతలు కనపడతాయి, కాల్ మాత్రం కలవదు. కుటుంబంతో వెళ్తే తప్పిపోయినప్పుడు కలుసుకునే చోటు ముందే నోటిమాటగా అనుకోవాలి. చిన్నపిల్లల జేబులో బస పేరు, ఫోన్ నంబరు రాసిన కాగితం పెట్టాలి.

పూరీలో ఈ పదమూడు రోజులూ కళ్లు తెరుచుకుని చూడాల్సిందొకటుంది. యంత్రం ఎక్కడిదాకా వచ్చి ఆగుతుందో చూడాలి. ఆ గీత రాసి ఉండదు. కానీ ప్రతి సేవకుడికీ తెలుసు.

ముందు రథఖళాకు వెళ్లాలి. రాజభవనం ముందు బడదండ పక్కన ఉన్న ఖాళీ జాగా అది. అక్షయ తృతీయ నాడు ఇక్కడ పని మొదలవుతుంది. సుమారు 58 రోజుల్లో మూడు రథాలు లేస్తాయి. నిరుటి రథం ఈ ఏటికి రాదు. ప్రతి ఏడూ కొత్త కర్రే. జగన్నాథుడి నందిఘోషకు 832 ముక్కలు, 16 చక్రాలు, ఎత్తు 44 అడుగుల 2 అంగుళాలు. బలభద్రుడి తాలధ్వజకు 763 ముక్కలు, 14 చక్రాలు. సుభద్ర దర్పదలనకు 593 ముక్కలు, 12 చక్రాలు. మొత్తం 42 చక్రాలు. గీసిన నక్షా ఒక్కటీ ఉండదు. కొలకర్ర ఒకటి, దాన్ని చదవగలిగిన మహారణాలు. విశ్వకర్మ సేవకులైన వడ్రంగులను అక్కడ అలా పిలుస్తారు. తండ్రి పక్కన నిలబడి కొడుకు నేర్చుకున్న లెక్క అది.

పాడ్యమి నాటికి చక్రాలకు రంగులు పడి ఉంటాయి. అయినా దగ్గరికెళ్లి ఒక చక్రాన్ని నిదానంగా చూడండి. మన ఎడ్లబండి చక్రం ఎరిగినవాళ్లకు ఇది వెంటనే అర్థమవుతుంది. నడుమ కుండ, దాన్ని వాళ్లు తుంబ అంటారు. కుండలోంచి బయటికి ఆకులు, వాళ్ల మాటలో అరలు. ఆకుల కొసలను కలుపుతూ పూటీలు, అంటే పహి. కుండ మధ్య రంధ్రంలోంచి ఇరుసు. చక్రం బయటికి జారకుండా ఇరుసు కొసన చీల. కుండ రంధ్రం ఇరుసు కంటే కాస్త వదులుగా ఉండాలి. మరీ బిగుతైతే కర్ర మీద కర్ర రాసుకుని చక్రం తిరగదు, మరీ వదులైతే అడుగడుక్కీ చక్రం అటూ ఇటూ ఊగుతుంది. బేరింగులు లేని చోట ఆ వదులు ఎంతన్నది చేతికి తెలియాలి.

చక్రాలకు వాడేది ఫాసి కర్ర. ఇరుసులకు, నిలువు దూలాలకు ధౌరా, నల్లమద్ది వంటి గట్టి కర్రలు. ధౌరాను మన అడవుల్లో చిరుమాను అంటారు. నల్లమద్దిని వాళ్లు అసన అంటారు. తేలికగా ఉండాల్సిన చోట బూరుగ. అంతా కర్రే అనుకుంటే పొరపాటు. కమ్మరి సేవకులు రథఖళా పక్కనే కొలిమి పెట్టి మేకులు, పట్టీలు కొడతారు. ఇనుము ఉంది. దుంగలను ముందే మిల్లులో కోయించుకోవడమూ ఉంది. అంటే పరికరం మీద ద్వేషం లేదు ఇక్కడ. దుంగ రథంగా మారే పని, ముక్కకు ముక్క అతికే పని మాత్రం బాడిస, ఉలి, చేతికి తప్ప వేరే దేనికీ అప్పగించరు.

ఇదే రోజు గుడిలో నేత్రోత్సవం. జ్యేష్ఠ పూర్ణిమ నాడు విగ్రహాలకు 108 కుండల నీళ్లతో స్నానం చేయిస్తారు. జగన్నాథుడికి 35, బలభద్రుడికి 33, సుభద్రకు 22, సుదర్శనుడికి 18. ఆ తర్వాత స్వామికి జ్వరం. పదిహేను రోజులు దర్శనం ఉండదు. ఈ అనసర కాలంలో దైతాపతులనే సేవకులు మాత్రమే లోపల ఉంటారు. దీన్ని భక్తితో చూసినా సరే, కర్ర పనివాడి కళ్లతో చూసినా సరే, లెక్క కుదురుతుంది. వేపకర్ర విగ్రహం, పైన సహజ రంగులు. అన్ని కుండల నీళ్లు పడ్డాక రంగు ఊడుతుంది, కర్ర తేమ పీలుస్తుంది. ఆరబెట్టాలి, నూనె పట్టించాలి, మళ్లీ రంగు వేయాలి. పట్టించేది ఫులురి నూనె. నువ్వుల నూనెలో పూలు, మూలికలు వేసి ఏడాది పాటు నేలలో పాతిపెట్టి తీసినది. రంగుల్లో తెలుపు శంఖం పొడి నుంచి, ఎరుపు ఇంగిలీకం నుంచి, పసుపు హరిదళం నుంచి, నలుపు దీపపు మసి నుంచి. వీటిని పట్టి ఉంచేది వెలగ జిగురు. పాడ్యమి నాడు కళ్లు దిద్దడంతో ఆ పని ముగుస్తుంది. డబ్బా రంగు కొని పూస్తే ఒక పూటలో అయిపోతుందని ఎవరైనా అనవచ్చు. కానీ మూసుకుపోయిన పూత కింద తేమ చిక్కుకుంటే కర్రకు ముప్పు.

సాయంత్రం ఆజ్ఞామాల వస్తుంది. దేవుడి మెడలోంచి తెచ్చిన దండ. అది రథాన్ని చేరాకే రథఖళా నుంచి సింహద్వారం ముందుకు లాగుతారు.

విదియ

తెల్లవారుజామున మంగళారతితో మొదలై మైలం, అబకాశ, సూర్యపూజ, ద్వారపాల పూజ, ఆపైన ఖిచిడీ భోగం వరకూ గుడి సేవలు ఒకదాని వెనక ఒకటి నడుస్తాయి. సమయ పట్టిక అచ్చువేసి ఇస్తారు. అందులో రాసిన గంటకు పహండి మొదలవుతుందని నమ్ముకుని ఎండలో ముందే నిలబడితే ఇబ్బందే. ఒక సేవ ఆలస్యమైతే వెనకున్నవన్నీ ఆలస్యమవుతాయి. ఏ సేవా ఇంకోదాన్ని దాటి ముందుకు పోకూడదు.

పహండి అంటే విగ్రహాలను నడిపించడం. విదియ నాడు ధాడి పహండి, అంటే ఒకరి వెనక ఒకరుగా నలుగురూ కదులుతారు. ముందు సుదర్శనుడు, తర్వాత బలభద్రుడు, సుభద్ర, చివర జగన్నాథుడు. సుభద్రను, సుదర్శనుణ్ని మోసుకొస్తారు. అన్నదమ్ములిద్దరినీ మాత్రం ఊపుతూ అడుగు అడుగుగా తెస్తారు. విగ్రహం వెనక సేనాపట్ట అనే కర్ర కట్టు బిగిస్తారు. దానికి పట్టు తాళ్లు. ముందు కొందరు లాగుతారు, వెనక కొందరు ఆపుతారు, పక్కవాళ్లు భుజం ఇస్తారు. కింద తూలి అనే దూది పరుపులు. ఒక పరుపు మీద నుంచి ఇంకో పరుపు మీదికి ఊగుతూ స్వామి వస్తాడు. తల మీద తాహియా అనే పూల కిరీటం ఆ ఊపుకు రెపరెపలాడుతుంది. గంటలు, కాహళాలు, వాటితో పాటు తెలింగి బాజా. అవును, తెలుగు పేరు మోసుకుంటున్న వాద్యమే. ఈ గుడి కట్టించిన చోడగంగుడి వంశం శ్రీకాకుళం జిల్లా ముఖలింగం దగ్గరి కళింగనగరం నుంచి ఏలినదే కనుక ఆ పేరు విని ఆశ్చర్యపోనక్కర్లేదు.

రథం మీదికెక్కించేందుకు చారమాల ఉంటుంది. మొద్దులను తాళ్లతో కట్టి చేసిన ఏటవాలు దారి. అసలు ప్రమాదం అక్కడే. పైకెక్కేటప్పుడు ముందు తాళ్లు బలం, దిగేటప్పుడు వెనక తాళ్లు బలం. దిగేటప్పుడు వెనకవాళ్లు ఒక్క క్షణం ముందుగా సడలిస్తే బరువంతా ముందున్నవాళ్ల మీద పడుతుంది. 2024లో జులై 9న రథాలు వెళ్లి చేరే గుండిచా గుడి ముందు బలభద్రుణ్ని దింపుతుంటే విగ్రహం చారమాల మీద జారింది. సేవకులు గాయపడ్డారు. ఇలాంటిది జరిగినప్పుడల్లా కప్పీలూ క్రేనూ పెట్టమనే మాట వస్తుంది. బరువెత్తడానికి క్రేను చాలు. ఊగుతూ నడిచి వచ్చే స్వామిని చూడటానికి వచ్చినవాళ్లకు క్రేను ఏమి చూపించగలదు? కావలసింది తాళ్లు పట్టేవాళ్లకు ముందస్తు సాధన, చారమాల మీద అనవసరపు జనం లేకపోవడం. ఈ రెండూ యంత్రం అవసరం లేని పనులే.

ఆపై గజపతి మహారాజు వచ్చి బంగారు చీపురుతో మూడు రథాలూ ఊడుస్తారు, ఛెరా పహరా. ఆ తర్వాత చారమాలలు తీసేసి, కర్ర గుర్రాలను బిగిస్తారు. నందిఘోషకు తెల్లవి, తాలధ్వజకు నల్లవి, దర్పదలనకు ఎర్రవి, ఒక్కోదానికి నాలుగు. ముందు కదిలేది తాలధ్వజ, తర్వాత దర్పదలన, చివర నందిఘోష.

లాగుడు గురించి కొంచెం నిదానంగా చెప్పాలి. రథానికి స్టీరింగు లేదు, బ్రేకు లేదు. ఇరుసులన్నీ ఒకదానికొకటి సమాంతరంగా బిగించి ఉంటాయి కనుక చక్రాలు పక్కకు తిరగవు. తిన్నగా పోవడం ఒక్కటే రథానికి తెలుసు. నాలుగు తాళ్లుంటాయి. రథం ఎడమకు ఒరుగుతుంటే కుడి తాళ్లవాళ్లు గట్టిగా లాగాలి, ఎడమవాళ్లు ఆపాలి. ఆ ఆజ్ఞ ఎవరిస్తారు? రథం ముందు భాగంలో నిలబడ్డ డాహుకుడు. పాటతో, చేతి సైగతో, గంట చప్పుడుతో నడిపిస్తాడు. వేలమంది కేకల మధ్య ఆ సైగ అందేది ముందు వరసకే. అక్కణ్నుంచి పోలీసు విజిల్ వెనక్కి మోస్తుంది. జనం లాగడం ఆపినా రథం వెంటనే ఆగదు, ఆ బరువు తన ఊపులో తాను పోతుంది. అప్పుడు చక్రాల కింద కర్ర దిమ్మెలు వేస్తారు. బ్రేకు అంటే అదే. దిమ్మె ఒక వైపు ముందుగా పడితే రథం ఆ వైపుకు తిరుగుతుంది. కనుక రెండు పక్కలా ఒకేసారి పడాలి.

తాడు పట్టుకోవాలని వెళ్తే కొన్ని సంగతులు గుర్తుంచుకోండి. తాడుకు బయటి పక్క నుంచి పట్టుకోండి, రెండు తాళ్ల మధ్య ఇరుక్కోవద్దు. తాడు ఎప్పుడూ నడుము ఎత్తులో ఉండాలి. అది సడలి నేల మీద పడిందంటే రథం ఆగిందని కాదు, ఎప్పుడైనా మళ్లీ బిగుస్తుంది. అప్పుడు కాళ్ల దగ్గర తాడు ఉన్నవాడు పడతాడు. కింద ఏదైనా పడిపోతే వంగి తీయవద్దు, చెప్పయినా ఫోనయినా సరే. నీరసంగా ఉంటే లాగకండి. తాడు ముట్టుకుని పక్కకు వచ్చేసినా సేవే.

సూర్యాస్తమయం తర్వాత లాగరు. ఎక్కడున్న రథం అక్కడే ఆగి మర్నాడు కదులుతుంది.

తదియ

గుండిచా మూడు కిలోమీటర్లే. అయినా చాలా ఏళ్లు రెండో రోజు పడుతుంది. 2025లో విదియ నాడు, జూన్ 27న, తాలధ్వజ బలగండి మలుపు దగ్గర చిక్కుకుంది. వెనకున్న రెండూ ఆగిపోయాయి. నందిఘోష సింహద్వారం నుంచి కొద్ది దూరమే కదిలింది. మర్నాడు గానీ గుండిచాకు చేరలేదు. ఎండకు వందలమంది ఆసుపత్రికి పోవలసి వచ్చింది. బలగండి దగ్గర ఆగడం కొత్తేమీ కాదు. ఆ ప్రాంతంలో ఒకప్పుడు మాలినీ నది అడ్డుండేదని, నదికి అటు మూడు ఇటు మూడు రథాలు ఉండేవని పూరీ సంప్రదాయం చెబుతుంది.

ఎందుకు ఆగుతుంది? బలం చాలక అనుకుంటారు చాలామంది. 2020లో కోవిడ్ వేళ సుప్రీంకోర్టు ఒక్కో రథానికి 500 మందికి మించకూడదని, రథానికీ రథానికీ గంట ఎడం ఉండాలని షరతు పెట్టింది. భక్తులు లేరు. ఆ కొద్దిమందితోనే మూడు రథాలూ గుండిచాకు చేరాయి. కాబట్టి లాగేవాళ్లు తక్కువై రథం ఆగదు. ఎక్కువై ఆగుతుంది. తాళ్ల మధ్యలోకి, రథం ముందుకి జనం చొరబడితే డాహుకుడు రథాన్ని కదపలేడు. దారి ఖాళీ చేయించడానికే గంటలు గడుస్తాయి.

ఈ గుంపును అదుపు చేయడానికి యంత్రాలన్నీ వచ్చాయి. డ్రోన్లు, కృత్రిమ మేధతో జనం సాంద్రత లెక్కగట్టే కెమెరాలు, ఒకే చోట కూర్చుని అన్నీ చూసే కంట్రోల్ రూము. 2025లో ఇవన్నీ ఉన్నాయి. జూన్ 29 తెల్లవారుజామున గుండిచా ముందున్న శారధాబాలి దగ్గర తొక్కిసలాట జరిగింది. ముగ్గురు చనిపోయారు, పదులమంది గాయపడ్డారు. కెమెరా చిక్కదనాన్ని చూపగలదు. వెనకనుంచి వచ్చే ఒత్తిడిని ముందున్నవాడికి చెప్పి వెనక్కి తిప్పలేదు. ఆ పని దగ్గరగా నిలబడ్డ మనిషి చేయాలి, అతనికి జనం వెళ్లడానికి ఒక ఖాళీ దారి ఉండాలి. తెల్లవారుజామున మొదటి దర్శనానికే వెళ్లాలన్న పట్టుదల వదిలేసి ఎండ ఎక్కాక రెండో దఫాలో వెళ్లడం మేలు. గుంపులో ఉన్నప్పుడు రెండు చేతులూ ఛాతీ ముందు ముడుచుకుని ఊపిరికి చోటు ఉంచుకోవాలి. ప్రవాహానికి ఎదురు పోకుండా ఏటవాలుగా పక్కకు జరగాలి. ఎదురుగా చారమాల మోసే బండో, మరే వాహనమో కనిపిస్తే ముందుగానే తప్పుకోవాలి.

చవితి

విగ్రహాలు గుండిచాలో తమ పీఠమైన ఆడప మండపమెక్కాక ఇక్కడి వంటశాల వెలుగుతుంది. శ్రీమందిరంలో, అంటే జగన్నాథుడి అసలు గుడిలో, స్వామి లేడు గనుక అక్కడ మహాప్రసాదం లేదు. గుండిచాలో దొరికే ప్రసాదం ఆడప అబడా. దీనికోసం వచ్చే జనం రథం రోజుకంటే తక్కువేమీ కాదు.

శ్రీమందిరం వంటశాల రోసఘరలో 752 పొయ్యిలని లెక్క చెబుతారు. గ్యాస్ లేదు, కరెంటు లేదు, స్టీలు లేదు. కట్టెల మంట, మట్టి కుడువలు, గంగ యమున అని పిలిచే రెండు బావుల నీళ్లు. కుడువలను ఒకదాని మీద ఒకటి పేర్చి వండుతారు. పైన పెట్టిందే ముందు ఉడుకుతుందని అక్కడి సేవకుల మాట. ఒకసారి వండిన కుడువను మళ్లీ పొయ్యెక్కించరు. కుమ్మరి సేవకులు రోజూ కొత్తవి తెస్తారు. ఈ వంటలో ఆలుగడ్డ, టమాట, పచ్చిమిర్చి, క్యాబేజీ, కాలీఫ్లవర్ ఉండవు. కారం మిరియాలదే. సముద్రాలు దాటి వచ్చిన కూరల్లో చాలా వరకు ఆ గడప దాటలేదు. ఓడలతో వచ్చిన మార్పు దేశమంతటి వంటింటినీ మార్చేసినా ఆ పొయ్యి దాకా పెద్దగా రాలేదు. పెసరపప్పు, కంద, గుమ్మడి, అరటి, కొబ్బరి, నెయ్యి, బెల్లం, ఇవే. పప్పూ కూరలూ కలిపి వండే డాల్మా తింటే తెలుస్తుంది, మిరపకాయ లేకుండా కూడా నోరూరించే వంట మన నేలకు ఉండేదని.

పంచమి

హేరా పంచమి. తనను వదిలి వెళ్లిన భర్తను వెతుక్కుంటూ లక్ష్మీదేవి పల్లకిలో గుండిచాకు వస్తుంది. తిరిగిపోతూ కోపంతో నందిఘోష కర్ర ముక్క ఒకటి విరిపిస్తుంది. ఇది రాత్రి జరుగుతుంది, జనం ఒక మోస్తరుగా ఉంటారు. పిల్లలతో వెళ్లేవాళ్లకు ఇంతకంటే మంచి రోజు లేదు.

షష్ఠి

రథాలు తిరుగు ముఖం పట్టడానికి సిద్ధం చేసే పని, దక్షిణ మోడ. ఆజ్ఞామాలలు వచ్చాక ఒక్కో రథాన్నీ గుండిచా ముందు తిప్పి గుడి వైపు ముఖం చేయిస్తారు. తిరగని చక్రాలున్న బండిని తిప్పడం ఎలాగో చూడాలనుకుంటే ఈ పూట తప్పకుండా ఉండాలి. ముందుకు కొంత లాగుతారు, తాళ్లను పక్కకు మళ్లించి అదే దిశలో గుంజుతారు, చక్రాలు నేల మీద రాసుకుంటూ కొద్దికొద్దిగా పక్కకు జరుగుతాయి. తారు రోడ్డు మీద ఆ రాపిడి చప్పుడు దూరానికి వినిపిస్తుంది. పూటీల మీద, చీలల మీద భారం ఎక్కువ పడేది ఇప్పుడే. అందుకే మహారణాలు ప్రతి చక్రం చుట్టూ తిరిగి చీలలు, మేకులు తట్టి చూసుకుంటారు. బహుడా, అంటే తిరుగు ప్రయాణం, దారిలో చక్రం మొరాయించకుండా ఉండాలంటే జాగ్రత్త ఇక్కడే.

సప్తమి, అష్టమి

గుండిచాలో ఈ రెండు రోజులూ దర్శనమే తప్ప పెద్ద ఉత్సవం లేదు. ఊరి బయటికి వెళ్లిరావచ్చు. రథాల పైకప్పు బట్టలో కనిపించే అద్దకపు కుట్టుపని చూడాలంటే పిపిలి. అనసర కాలంలో విగ్రహాల స్థానంలో పటాలు వేలాడదీస్తారు. ఆ పటచిత్రాల పనితనం చూడాలంటే రఘురాజ్‌పూర్. చింతగింజల జిగురుతో అతికించి సుద్ద పట్టించిన బట్ట, నునుపుగా రుద్దిన పైతలం, కుంచె ఆనించాక వెనక్కి తీయని గీత.

రథాల మీద శ్రద్ధ ఉన్నవాళ్లు మాత్రం నయాగఢ్ జిల్లా దసపల్లా అడవుల వైపు ఆలోచించాలి. రథాల కర్ర ప్రధానంగా అక్కణ్నుంచే. మూడు రథాలకూ కలిపి ఏటా 865 దుంగలు కావాలి. వసంత పంచమికి మొదటి దుంగలు పూరీ చేరతాయి. ఒకప్పుడు మహానదిలో తేలించి తెచ్చేవారు, ఇప్పుడు లారీల్లో. రవాణా సులువైంది. కానీ చక్రానికి పనికొచ్చే చుట్టుకొలత రావడానికి ఫాసి చెట్టుకు యాభై అరవై ఏళ్లు పడుతుంది. నదుల ఒడ్డున పెరిగే ఆ చెట్లు తగ్గిపోయాయి. అందుకే అటవీ శాఖ జగన్నాథ వన ప్రకల్ప పేరుతో మొక్కలు నాటింది. 2000 ప్రాంతంలో నాటిన మొక్క ఈ శతాబ్దం సగం దాటాక గానీ రథానికి రాదు. రంపం ఎంత వేగంగా కోసినా, లారీ ఎంత త్వరగా తెచ్చినా ఆ యాభై ఏళ్లలో ఒక్క ఏడూ తగ్గదు. ఇనుప ఇరుసు పెడితే ఒక్క రథం ఏళ్ల తరబడి నిలవవచ్చు. అప్పుడు ఆ ఏళ్లన్నీ చెట్టు నాటేవాడికి, బాడిస పట్టేవాడికి, కొలకర్ర నేర్చుకునే పిల్లవాడికి పని ఉండదు. రథం మిగిలి చేయి పోతుంది. రథాలు ఏటా చేయాల్సిందేనన్న నియమం ఇంకా ఎందుకు నిలబడాలో నాకు తోచిన కారణం ఇదే.

అష్టమి సాయంత్రం ఊళ్లోనే ఉంటే శ్రీమందిరం బయట నిలబడి శిఖరం మీదికి చూడండి. 214 అడుగుల ఎత్తున నీలచక్రం మీద జెండా రోజూ మారుతుంది. చునరా సేవకులు రాతి ముఖాన వీపు ఆనించి పైకి పాకుతారు. కింద జనం ఊపిరి బిగబట్టి చూస్తారు.

నవమి

సంధ్యా దర్శనం. గుండిచాలో స్వామిని చూడటానికి చివరి పూట కనుక సాయంత్రం వరస చాలా పొడవు. మధ్యాహ్నమే వరసలో చేరాలి. నీళ్లు దగ్గరుంచుకోండి.

దశమి

బహుడా. తిరుగు ప్రయాణం. విదియ నాటి క్రమమే, దిశ మారుతుంది. దారిలో మౌసీమా (పినతల్లి) గుడి దగ్గర స్వామికి పొడ పిఠా పెడతారు. బియ్యప్పిండి, మినప్పిండి, కొబ్బరి, బెల్లం, నెయ్యి కలిపి సన్నని సెగ మీద చాలాసేపు కాల్చిన పిండివంట. వాన పడే అవకాశం ఎక్కువ. తడిసిన కొబ్బరి తాడు బరువెక్కుతుంది, అరచేతులు ఒరుసుకుపోతాయి. తడిసిన కర్ర ఉబ్బి కుండ రంధ్రం ఇరుసును పట్టేస్తుంది, రథం మొదటి కదలికకు ఎక్కువ బలం అడుగుతుంది. ఒకసారి కదిలాక సర్దుకుంటుంది.

ఏకాదశి

సింహద్వారం ముందు రథాల మీదే సునా వేషం. చేతులు కాళ్లు లేని విగ్రహాలకు బంగారు చేతులు, బంగారు పాదాలు, కిరీటాలు అమరుస్తారు. కొండవీటిని కూడా ఏలిన గజపతి కపిలేంద్ర దేవుడి కాలం నుంచి ఇది సాగుతోందని సంప్రదాయం. సాయంత్రం నుంచి రాత్రి దాకా దర్శనం ఉంటుంది. ఎంత రాత్రైతే అంత నింపాది.

నగలుండే రత్నభండారాన్ని 2024 జులై 14న తెరిచారు. అంతకుముందు పూర్తి లెక్క చూసింది 1978లో. 2024 సెప్టెంబరులో హైదరాబాద్‌లోని భూభౌతిక పరిశోధన సంస్థ ఎన్‌జీఆర్‌ఐ శాస్త్రవేత్తలు రాడార్ పరికరంతో భండారం గోడలను, నేలను పరీక్షించారు. పరికరాన్ని లోపలికి రానిచ్చింది గుడి. రాయి కనుక. కొన్నేళ్లకోసారి కొత్త విగ్రహాలు చెక్కే నవకళేబర వేళ మాత్రం పాత విగ్రహంలోని బ్రహ్మపదార్థాన్ని కొత్త విగ్రహంలోకి మార్చే రాత్రి దైతాపతి కళ్లకు గంతలు, చేతులకు బట్ట చుట్టుకుంటాడు. ఊరంతా దీపాలార్పుతారు. 2015లో జరిగింది, మళ్లీ 2034లో. అక్కడికి ఏ రాడారూ రాదు, రావాలని అడిగినవాళ్లూ లేరు.

ద్వాదశి

అధర పణా. ఒక్కో రథం మీద మూడు చొప్పున తొమ్మిది పొడవాటి మట్టి పాత్రలు. స్వామి పెదవి ఎత్తుకు వస్తాయి. పాలు, మీగడ, పంచదార, అరటిపండు, జాజికాయ, కర్పూరం, మిరియాలు కలిపిన పానకం. నివేదన అయ్యాక పాత్రలను రథం మీదే పగలగొడతారు. చుట్టూ ఉన్న ఆత్మలకు అది విడుపు అంటారు. ఎవరూ దాన్ని తాగరు. కొత్తవాళ్లు దోసిలి పట్టబోతే పక్కవాళ్లు వారిస్తారు.

త్రయోదశి

నీలాద్రి బిజె. ఈ రోజు గోటి పహండి, అంటే ఒకరు గర్భగుడి చేరాకే ఇంకొకరు కదులుతారు. అందుకే రాత్రి పొద్దుపోతుంది. చివరగా జగన్నాథుడు వచ్చేసరికి లక్ష్మీదేవి తలుపు మూయిస్తుంది. మాటలు నడుస్తాయి, దేవుడి పక్షాన ఒకరు, దేవి పక్షాన ఒకరు. రసగుల్లా నైవేద్యంతో తలుపు తెరుచుకుంటుంది. బయట సింహద్వారం ముందు మూడు రథాలూ ఖాళీగా నిలబడి ఉంటాయి. బట్టలు విప్పేస్తారు, గుర్రాలు దిగుతాయి. తర్వాతి రోజుల్లో రథాలను ఊడదీస్తారు. ఇరుసుల చీలలు కొట్టి తీసి, చక్రాలు ఒక పక్కకు దొర్లిస్తారు. కొన్ని చక్రాలను, చెక్కిన ముక్కలను భక్తులు డబ్బు కట్టి తీసుకెళ్తారు. మిగిలిన కర్ర రోసఘర పొయ్యిల్లోకి పోతుంది.